ఎనిమిది మంది ఉన్న తరగతికి శాతాల లెక్క

పొద్దున్నే విశాఖ దగ్గరి ఆనందపురం జంక్షన్‌లో కాసేపు నిలబడితే పసుపు రంగు బస్సులు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. చుట్టుపక్కల పల్లెల పిల్లల్ని ఎక్కించుకుని కాన్వెంట్లకు పోయే బస్సులవి. అవి ఎక్కని పిల్లలు ఊళ్లో ఉన్న మండల పరిషత్ బడికి నడిచి వెళ్తారు. ఏడాది చివర్లో ఈ ఇద్దరి మార్కులూ పక్కపక్కన పెట్టి 'సర్కారు బడిలో చదువు లేదు' అని తేల్చేస్తాం. ఫీజు కట్టగలిగే ఇంటి పిల్లనూ, కట్టలేని ఇంటి పిల్లనూ పోల్చి, ఆ తేడా మొత్తం టీచర్ ఖాతాలో రాసేస్తున్నామని మాత్రం గుర్తుండదు.

ఈ పోలికలో నిజమెంతో తేల్చడానికి ఒక పెద్ద అధ్యయనం జరిగింది. అందులో అప్పటి విశాఖ జిల్లా కూడా ఉంది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల్లో, 180 ఊళ్లలో దీన్ని మొదలుపెట్టారు. దరఖాస్తు పెట్టుకున్న సర్కారు బడి పిల్లల్లో లాటరీ తీసి, కొందరికి ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో లాటరీ తగిలిన పిల్లలకూ తగలని పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు. సర్కారు బడిని వెనకేసుకొచ్చేవాళ్లు సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. మిగతా సగం కూడా చెప్పాలి. ఆ ప్రైవేటు బడులు తెలుగుకూ లెక్కలకూ తక్కువ టైమే ఇచ్చాయి, పిల్లకు పెట్టిన ఖర్చు సర్కారు ఖర్చులో మూడో వంతు కూడా లేదు. అంటే సర్కారు బడి మనం అనుకున్నంత అధ్వానంగా లేదు, పెట్టిన డబ్బుకు రావలసినంత చదువూ రావడం లేదు.

ఎందుకు రావడం లేదంటే నా దృష్టిలో మొదటి కారణం గంటలు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదిలో 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. అదే చట్టం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు చాలంటుంది. ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లు: ఇద్దరివీ కలిపి 1600 గంటలను ఐదుకు పంచితే ఒక్కో తరగతికి విడిగా దక్కేది 320 గంటలు. మిగతా టైమంతా పిల్లలు పలకో పుస్తకమో పట్టుకుని తమ వంతు కోసం చూస్తుంటారు. ఇద్దరిలో ఒకరు ట్రైనింగుకో సెలవు మీదో వెళ్లారా, ఆ వారానికి అది సింగిల్ టీచర్ స్కూలే. ఉన్న ఒక్కరూ హాజరు యాప్, భోజనం లెక్క, ఫొటోల అప్‌లోడ్ ముగించి సుద్దముక్క పట్టేసరికి మొదటి పీరియడ్ అయిపోయి ఉంటుంది. దీన్ని టీచర్ బద్ధకం అనడం అన్యాయం. అయితే బద్ధకస్తులు లేరని నేననను.

ఈ సంగతి ప్రభుత్వాలకు తెలియదా అంటే, తెలుసు. 2022లో జీవో 117 కింద మూడు, నాలుగు, ఐదు తరగతులను చాలాచోట్ల హైస్కూళ్లకు పంపారు. 2025లో దాన్ని పక్కనపెట్టి, చుట్టుపక్కల బడుల పిల్లల్ని కలిపి తరగతికో టీచర్ ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు తెచ్చారు. దారులు వేరైనా రెండింటిలోనూ కదలాల్సింది పిల్లలే. రోడ్డు దాటి ఇంకో ఊరి బడికి పోవాలంటే, ఆ వంకతోనే కొందరు తల్లులు పిల్లల్ని పసుపు బస్సు ఎక్కించేస్తారు. ఊరి బడిలో పిల్లల సంఖ్య ఇంకా పడిపోతుంది. పిల్లల్ని కదిలించకుండానే నాలుగైదు తరగతులను ఒకే గదిలో నడిపే పద్ధతిని మన మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ విద్యాసంస్థ ఎప్పుడో తయారుచేసింది. కార్డుల సాయంతో ఎవరి మెట్టు దగ్గర వాళ్లు నేర్చుకుంటూ పోతారు. తమిళనాడు దాన్ని తనకు తగ్గట్టు మలుచుకుని రాష్ట్రమంతా పెట్టుకుంది. మన ఇంట్లో చెట్టు కాయలు పక్కింటివాళ్లు కోసుకున్నట్టయింది.

ఇక శాతాల గోల. ఎనిమిది మంది ఉన్న మూడో తరగతిలో ఐదుగురు చదవగలిగితే 62.5 శాతం. పరీక్ష రోజు అందులో ఒకడికి జ్వరమొచ్చి సున్నా పడితే 50 శాతం. నలభై మంది ఉన్న తరగతిలో అదే జ్వరానికి తగ్గేది రెండున్నర శాతమే. అందుకే ర్యాంకుల జాబితా వేస్తే పైనా కిందా చిన్న బడులే ఎక్కువగా కనిపిస్తాయి. నిరుడు ఫస్టు వచ్చిన బడి ఈ ఏడాది లాస్టు రావడంలో వింతేమీ లేదు, మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసు నుంచి టెన్షన్ మాత్రం హెచ్ఎంకే.

జిల్లా సగటు చూసినా పల్లె బడి సంగతి తేలదు. 2022 ఏప్రిల్‌లో జిల్లా మూడుగా విడిపోయాక విశాఖకు మిగిలింది ఎక్కువగా నగరమే. పద్మనాభం, ఆనందపురం బడుల అంకెలు అందులో కలిసిపోతాయి. పిల్లలు ఏమాత్రం చదవగలరో ఇంటింటికీ వెళ్లి చూసే అసర్ సర్వే పల్లెల కోసమే చేస్తారు. 2024లో దేశవ్యాప్తంగా గ్రామీణ సర్కారు బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతమే అని అది చెప్పింది. భయపడాల్సిన అంకే. కానీ జిల్లాకు 30 ఊళ్లు, ఊరికి 20 ఇళ్లు చూసే సర్వేతో ఏ ఒక్క బడినీ నిలదీయలేం.

చిన్న బడికి శాతాలు మానేసి పేర్లు రాస్తే సరిపోతుంది. జూన్‌లో అక్షరాల దగ్గర ఎవరున్నారు, పదాల దగ్గర ఎవరున్నారు, మార్చికి ఎవరు ఎక్కడికి చేరారు. ఎనిమిది పేర్లకు ఒక కాగితం చాలు, యాప్ అక్కర్లేదు. రాష్ట్రమంతా ఒకే రోజు పెడుతున్న తల్లిదండ్రుల మెగా మీటింగులో ఉపన్యాసాలు కాస్త తగ్గించి, ప్రతి పిల్ల చేతా వాళ్లమ్మ ముందు నాలుగు లైన్లు పైకి చదివించవచ్చు. మార్చిలో ఇంకోసారి చదివిస్తే, వేలిముద్ర వేసే తల్లికి కూడా తేడా వినపడుతుంది.