కొడుకు అమెరికాలో, డాబర్‌మన్ హన్మకొండలో

భీమారం వైపు కొత్తగా లేచిన కాలనీల్లో పొద్దున నడకకు పోతే ఒకే రకం ఇల్లు మళ్లీ మళ్లీ కనబడుతుంది. రెండంతస్తులు, గ్రానైట్ మెట్లు, గోడ మీద ఇత్తడి అక్షరాలు. పై అంతస్తులో ఎవరూ ఉండరు. కింద ఇద్దరే, ఇద్దరికీ అరవై దాటి ఉంటాయి. గేటుకు ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ బోర్డు, గోడ మీద రోడ్డు వైపు చూసే కెమెరా, రేకుల షెడ్డులో కారు పక్కన గొలుసుతో కట్టేసిన డాబర్‌మన్. కారు బయటికి తీసేది దసరాకు, పెళ్లిళ్లకు. కుక్కను తీసేది కూడా ఇంచుమించు అంతే.

నాకు తెలిసిన ఒక రిటైర్డ్ టీచరు ఇల్లు అలాంటిదే. కొడుకు, కోడలు డాలస్‌లో ఉంటారు. మూడేళ్ల కిందట కాలనీలో వరుసగా రెండిళ్లలో దొంగలు పడ్డారు. ఆ వారమే కొడుకు దోస్తు ఒకతను 45 రోజుల డాబర్‌మన్ పిల్లను అట్టపెట్టెలో తెచ్చి సారు చేతుల్లో పెట్టి పోయాడు. “బాపూ, ఇగ మీకేం టెన్షన్ లేదు” అన్నాడు కొడుకు వీడియో కాల్‌లో. టెన్షన్ తీరింది ఆ పిల్లగాడికి. ఎనిమిదో నెలలో ఒక పొద్దున మోరీలోంచి లేచిన పందిని చూసి కుక్క ఉరికింది. బెల్టును చేతికి రెండు చుట్లు చుట్టుకున్న సారు సిమెంటు రోడ్డు మీద పడ్డారు. మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టుతోనే ఉన్నారు. కుక్క ఎవర్నీ కరవలేదు. పందిని వదిలేసి తిరిగొచ్చి, కింద పడ్డ సారు ముఖం నాకుతూ నిలబడిందట.

డాబర్‌మన్ మంచిదా, ప్రమాదమా అని కొట్లాడుకునేవాళ్లకు ఈ కథలో ఏమీ దొరకదు. నాకు మాత్రం అసలు సంగతి ఇక్కడే కనబడుతుంది. ఇంట్లో లేని మనిషికి బదులుగా మనం ఈ కుక్కను కొంటున్నాం. ఈ జాతికేమో అన్నం కంటే ముందు కావాల్సింది ఇంట్లో మనిషే, అదీ బలం, తీరిక రెండూ ఉన్న మనిషి. వరంగల్ ఒక్కటే కాదు, కరీంనగర్‌లో, మంచిర్యాలలో, పిల్లలు ఎగిరిపోయిన ప్రతి ఊళ్లో ఈ లెక్క తప్పుతున్నది.

దీని పుట్టుక చూస్తేనే ఆ విషయం తెలుస్తుంది. జర్మనీలో అపోల్డా అనే చిన్న పట్టణంలో 19వ శతాబ్దం చివర్లో కార్ల్ ఫ్రీడ్రిష్ లూయిస్ డాబర్‌మన్ అనే పన్నుల వసూలుదారు ఉండేవాడు. డబ్బు సంచితో తిరిగే పని, దారిలో దొంగల భయం. ఊరి కుక్కల దొడ్డి కూడా అతని చేతి కిందే ఉండడంతో రకరకాల కుక్కలు అందుబాటులో ఉండేవి. వాటిని కలిపి, తన వెంట నడిచి, చెప్పింది విని, అవసరమైతే మీదపడే కుక్కను తయారు చేసుకున్నాడు. 1894లో అతను పోయాక జాతికి అతని పేరే నిలిచింది. మన పల్లెల్లో మాలీ పటేల్ సిస్తుకు వస్తే కుక్కలు మొరిగేవి. అక్కడ వసూలుదారే కుక్కను వెంటేసుకొని వచ్చాడన్నమాట. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా మెరైన్లు దీన్ని పసిఫిక్ దీవులకు తీసుకెళ్లింది కూడా సైనికుడికి జతగానే. 1944లో గువామ్‌లో చనిపోయిన 25 యుద్ధ కుక్కలకు అక్కడ స్మారకం ఉంది, దాని మీది విగ్రహం డాబర్‌మన్‌దే. ఎక్కడ చూసినా దీని ఉద్యోగం ఒకటే, ఒక మనిషి మడమ పక్కన ఉండడం. గేటూ గొలుసూ మనం తర్వాత కలిపినవి.

మా ఇంట్లో తొమ్మిదేళ్లు ఒక ఆడ డాబర్‌మన్ ఉండేది. పేరు చిన్ని. బరువు 34 కిలోలు. ఈ కుక్క మనిషిని ఆనుకుంటుంది. పక్కన నిలబడి, ఎటో చూస్తూ, తన బరువంతా మెల్లగా మన తొడ మీదికి వదిలేస్తుంది. కొత్తవాళ్లు నెడుతున్నదేమో అనుకొని ఒక అడుగు జరుగుతారు. అదీ ఒక అడుగు జరుగుతుంది. బాత్రూముకు పోతే తలుపు కింది సందులో ముక్కు కనబడుతుంది. మా అమ్మకు కుక్క ఇంట్లో తిరగడం అసలు ఇష్టం లేదు. వంటింటి గడప దాటొద్దని మొదటి రోజే ఖరాఖండిగా చెప్పింది, మాకు కాదు, దానికే. తొమ్మిదేళ్లలో ఒక్కసారి దాటలేదు. అమ్మ లోపల కూర్చొని చాటలో బియ్యం ఏరుతుంటే ఇవతల పడుకొని గడ్డం మాత్రం గడప మీద ఆనించేది. గడప ఇవతలి కిందికి వస్తదా, అవతలి కిందికి వస్తదా అన్నది వాళ్లిద్దరూ చివరిదాకా తేల్చుకోలేదు.

అంత బాగా నేర్చుకునే కుక్కతో ఒక చిక్కుంది. మనం నేర్పామని మనకే తెలియనివి కూడా నేర్చుకుంటుంది. గేటు దగ్గర కట్టేసిన కుక్క సంగతి చూడండి. పొద్దున పాలాయన వస్తాడు, అది మొరుగుతుంది, ఆయన పాలు పోసి పోతాడు. కుక్క లెక్కలో మాత్రం తను మొరిగింది కాబట్టే పోయాడు. తర్వాత కొరియర్ పిల్లగాడు, గ్యాస్ బండి, చెత్త ఆటో. రోజుకు ఇరవై గెలుపులు. ఏడాది తిరిగేసరికి కొత్త మనిషి ఎవరొచ్చినా తరిమేయాలని పక్కాగా తెలిసిన 40 కిలోల జంతువు తయారవుతుంది. ఏదో ఒక రోజు కొక్కెం ఊడుతుంది, లేదా మనవడు గేటు తీసి మరిచిపోతాడు. పగలు కట్టేస్తేనే రాత్రి కోపంగా కాపలా కాస్తదని చెప్పేవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. కోపం పెరిగే మాట నిజమే. గోడ దూకిన దొంగ ఎవరో, బతుకమ్మకు పూలు కోసుకోవడానికి వచ్చిన పిల్లలు ఎవరో ఆ కోపానికి తెలియదు.

కుక్కలు పెంచేవాళ్లు జనం భయాన్ని తేలిగ్గా తీసేయడం కూడా నాకు నచ్చదు. 2023 మేలో కాజీపేట రైల్వే క్వార్టర్స్ దగ్గరి పార్కులో ఒక పసివాణ్ని వీధికుక్కలు చంపేశాయి. పొట్ట చేతపట్టుకొని ఉత్తరాది నుంచి వచ్చిన కుటుంబం. ఆ తర్వాత చాలా నెలలు నేను చిన్నితో సుబేదారి వైపు పోతుంటే తల్లులు పిల్లల్ని చంకకెత్తుకునేవాళ్లు. అవి వీధికుక్కలమ్మా, ఇది పెంపుడుదని ఆ తల్లికి పాఠం చెప్పబోవడం మొరటుతనం. బెల్టు దగ్గరగా పట్టుకొని మనమే రోడ్డు అవతలికి దాటాలి. “ఏం చెయ్యదు, రండి రండి” అని గేటు దగ్గర నవ్వుతూ నిలబడే యజమానిని చూస్తే నాకు కుక్క కంటే ఎక్కువ భయం. పెంపుడు జంతువు వల్ల మనుషులకు అపాయం రాకుండా జాగ్రత్త పడకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఆ మాట బోర్డు మీద ఎవరూ రాయించుకోరు.

2024 మార్చిలో కేంద్రం 23 రకాల కుక్కలను ప్రమాదకరమైనవిగా పేర్కొంటూ రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. మరుసటి నెలలోనే కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు దాన్ని కొట్టేశాయి. అందులో రాట్‌వీలర్ ఉంది, డాబర్‌మన్ లేదు. లేదు కాబట్టి భయం లేదని అప్పట్లో వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిప్పారు. 2008లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ పరిశోధకులు యజమానులను అడిగి లెక్క తీస్తే దూకుడులో ముందు నిలిచింది డాక్సుండ్, చివావా లాంటి బుడ్డ కుక్కలు. ఈ ముచ్చట కూడా డాబర్‌మన్ ఉన్నవాళ్లకు ఇష్టం. కానీ చివావా కరిస్తే టింక్చర్ పూస్తాం. మగ డాబర్‌మన్ భుజం దగ్గర 70 సెంటీమీటర్లు ఉంటుంది, అది ఒక్కసారి కరిచినా కుట్లే. జాతి గుణం ఎంత మంచిదైనా దవడ సైజు మారదు కదా.

ఎండాకాలం సంగతి తక్కువలో చెప్తాను. దీనికి ఒంటి మీద పలచటి పొట్టి వెంట్రుకలే, అదీ ఎక్కువగా నలుపు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి ఎగపోసుకోవడమే గతి. మేలో వరంగల్‌లో 44 డిగ్రీలున్నప్పుడు, రామగుండంలో ఇంకాస్త మండుతున్నప్పుడు, రేకుల షెడ్డు కింద గొలుసు వేసి మధ్యాహ్నం మనం కూలర్ ముందు పడుకుంటే అది సాయంత్రానికి బతికి ఉండడం దాని అదృష్టం. మేము ఆరింటి లోపే నడక ముగించేవాళ్లం. సాయంత్రమైతే అరచేతి వెనక భాగం రోడ్డుకు ఆనించి చూసి, కాలితే తిరిగొచ్చేవాళ్లం.

చిన్నిని చూసిన ప్రతివాడూ అడిగిన ప్రశ్న ఒకటుంది. “చెవులు నిలబడలేదేంది సార్?” అవి వాటంతటవి నిలబడవు, రెండు మూడు నెలల పిల్లప్పుడు కోసి కట్లు కట్టి నిలబెడతారు. తోకైతే పుట్టిన కొద్ది రోజులకే తీసేస్తారు. కుక్క తోక వంకర అన్న సామెత డాబర్‌మన్‌కు వర్తించదు, వంకరో కాదో తేలేలోపే కోత పడుతుంది. పుట్టినిల్లు జర్మనీలోనే ఈ రెండూ నిషేధం. మన 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కూడా అవయవాలు కోయడాన్ని క్రూరత్వంగానే చూస్తుంది. అయినా మన దగ్గర కుక్కపిల్లల్ని అమ్మేవాళ్లు తోక లేనిదానికే ‘ఒరిజినల్’ అని రేటు చెప్తారు. మాకు చిన్ని తోకతోనే వచ్చింది. అది ఊపితే టీపాయ్ మీది చాయ్ గ్లాసులు పడేవి, అదొక్కటే నష్టం.

అమ్మేవాడు చెప్పనిది ఇంకొకటుంది, గుండె. డాబర్‌మన్లలో గుండె కండరం పలచబడి, గదులు సాగిపోయి, రక్తాన్ని నెట్టలేకపోయే జబ్బు చాలా ఎక్కువ. జర్మనీలో 412 డాబర్‌మన్లను పరీక్షించి 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం జీవితకాలంలో ఈ జబ్బు బారిన పడేవి 58 శాతం. కొన్ని ఏ సూచనా లేకుండా నడుస్తూ నడుస్తూనే పడిపోతాయి. మాకు కొంచెం సూచన దొరికింది. ఎనిమిదేళ్లు నిండాక చిన్ని మెట్ల మధ్యలో ఆగడం మొదలుపెట్టింది. వయసు మీద పడ్డదనుకున్నాం. తర్వాత రాత్రుళ్లు దగ్గు. గొంతులో ఏదో ఇరుక్కున్నదని అమ్మ బెల్లం ముక్క ఇవ్వబోయింది. డాక్టరు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. విని, ఏమీ అనకుండా ఇంకోసారి విన్నారు. ఎకో, అంటే గుండె స్కానింగ్ కోసం హైదరాబాద్ తీసుకుపోయాం. గుండెకు పిమోబెండాన్ బిళ్లలు, నీరు దిగే బిళ్లలు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, పెరుగన్నంలో దాచి. ఏడు నెలలు గడిచాయి. చివరి వారం అది పడుకోలేదు, పడుకుంటే ఊపిరి ఆడదు కాబట్టి. గోడకు ఆనుకొని కూర్చొనేది. నేను పక్కన కూర్చుంటే గోడను వదిలి నాకు ఆనుకొనేది.

మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉన్న ఊరు మనది, పశువైద్యం తెలిసినవాళ్లకు కొదవ లేదు. అడిగేవాళ్లే తక్కువ. పిల్లను తెచ్చే ముందు దాని తల్లిదండ్రుల గుండె పరీక్షలు చూపించమని అడిగినవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు, నాతో కలిపి. మూడేళ్లు దాటాక ఏటా ఒకసారి గుండె చూపించుకోవాలని నాకు తెలిసేసరికి చిన్నికి ఎనిమిది. ఇది కాక నెలకు 12 నుంచి 15 కిలోల తిండి, ఏటా రేబిస్ టీకా, వానాకాలం గోమార్ల జ్వరం. తిన్నవెంటనే ఉరికితే కడుపు మెలిపడే ప్రమాదం కూడా ఈ లోతు ఛాతీ కుక్కలకు ఉంది. మెలిపడితే గంటల్లో ఆపరేషన్ కావాలి. ఆ రాత్రి కారు తీసి, 40 కిలోలు ఎత్తి, వెనక సీట్లో పడుకోబెట్టేదెవరు? డెబ్భైకి దగ్గర పడుతున్న సారా?

డాలస్ నుంచో, న్యూజెర్సీ నుంచో తల్లిదండ్రులకు కుక్కను కొనిపెట్టాలనుకునే పిల్లలు నన్ను అడిగితే వద్దనే చెప్తాను. మొరుగుడే కావాలంటే, మీ వీధిలో అమ్మ రోజూ అన్నం పెట్టే ఊరకుక్క ఉంటుంది కదా, దానికి టీకా వేయించి లోపలికి రానివ్వండి. 20 కిలోలు కూడా ఉండదు, ఎండకు తట్టుకుంటది, అపరిచితుడు వస్తే డాబర్‌మన్ కంటే ఎక్కువే మొరుగుతుంది. ఇంట్లో రోజుకు రెండు గంటలు నడిపించే మనిషి ఉంటే, అది ఇంటి లోపల పడుకుంటుందని ఒప్పుకుంటే, అప్పుడు డాబర్‌మన్ గురించి మాట్లాడుకుందాం. అలాంటి ఇంట్లో దానంత తోడు ఇంకోటి లేదని కూడా నేనే చెప్తాను.

సారు కుక్క ఇప్పుడు పరకాల దగ్గర ఉంది. కట్టు విప్పిన నెలకు ఆయన తమ్ముని కొడుకు వచ్చి తీసుకుపోయాడు. ఇరవై ఎనిమిదేళ్ల మనిషి, పొద్దుగాల బావి కాడికి పోతే కుక్క పత్తి చేను గట్ల వెంట అతని మడమ పక్కనే నడుస్తదట. సారు పదిహేను రోజులకోసారి బస్సెక్కి పోయి చూసి వస్తారు. వరంగల్ ఇంట్లో బోర్డు అలాగే ఉంది, ఖాళీ గొలుసు షెడ్డు స్తంభానికే వేలాడుతున్నది. కెమెరా రోడ్డు వైపే చూస్తది కాబట్టి షెడ్డు అందులో పడదు. మొన్న ఆదివారం నేను అక్కడ కూర్చొని ఉండగానే కొడుకు ఫోన్ వచ్చింది. బీపీ గోలీలు, బతుకమ్మ చీరలు, అన్నీ అయ్యాక, “బాపూ, సీజర్ గాడేడీ, చూపియ్” అన్నాడు.

సారు నా వైపు ఒకసారి చూసి ఫోను కొంచెం పైకి ఎత్తారు. “పండుకున్నది బిడ్డా” అన్నారు.