టీ డబ్బులు ఆయనే ఇచ్చారు

మా ఊరి కోర్టు గేటు ఎదురుగా కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ ఒకటుంది. ఎండకి వెలిసిపోయింది, ఒక మూల తాడు తెగి వేలాడుతోంది, అయినా అక్షరాలు చదవొచ్చు: "పెట్టుబడులకు స్వర్గధామం మన రాష్ట్రం." దాన్ని ప్రింట్ చేసింది నేనే. డబ్బులు ఇంకా రాలేదు.

నాది చిన్న ఫ్లెక్సీ షాపు. నాలుగేళ్ళ కిందట పెట్టుబడుల సదస్సని చెప్పి ఒక కాంట్రాక్టరు గారు జిల్లా అంతటికీ బ్యానర్లు వేయించుకుని 1,86,000 రూపాయలకి చెక్కు రాసిచ్చారు. అది బ్యాంకు దాకా వెళ్ళి, వెళ్ళిన దారినే తిరిగొచ్చింది. నోటీసు పంపాను, కేసు వేశాను. చెక్ బౌన్స్ కేసుని ఆరు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టంలోనే ఉంది. "ప్రయత్నించాలి" అన్న మాటని అప్పట్లో నేను సరిగ్గా చదవలేదు. మొన్న పంతొమ్మిదో వాయిదాకి వెళ్ళొచ్చాను.

తెలుగులో వాయిదా అంటే రెండర్థాలు. ప్రింటింగ్ మెషీన్ అప్పు కింద నెలనెలా నేను బ్యాంకుకి కట్టేది ఒకటి, కోర్టు నాకు ఇచ్చేది ఇంకొకటి. మొదటిది ఒక్కరోజు తప్పితే పొద్దున్నే ఫోన్ వస్తుంది. రెండోది ఎన్నిసార్లు పడినా ఎవరికీ టెన్షన్ లేదు. అందుకే దీన్ని ఆలస్యం అనడం అన్యాయం. ఇది ఎగవేతదారులకి పూచీకత్తు, వడ్డీ, గడువు ఏమీ లేకుండా అందే రుణ పథకం. అందించేది వ్యవస్థ, డబ్బు నాది.

పథకం అమలు ఎంత పకడ్బందీగా ఉంటుందో చెప్తాను. పదిన్నరకి కాల్ వర్క్, అంటే ఆ రోజు కేసుల్ని వరసగా పిలవడం. హాల్లో ఉన్న బెంచీలు లాయర్లకే చాలవు, మేం గోడవారన నిలబడతాం. బంట్రోతు గుమ్మం బయటికొచ్చి ముద్దాయి పేరు మూడుసార్లు పిలుస్తాడు, మూడోసారికి చివరి అక్షరం మాత్రమే వినపడుతుంది. మొదటి ఏడాదంతా సమన్లు "ఇల్లు తాళం వేసి ఉంది" అని తిరిగొచ్చాయి. ఆ తాళం వేసిన ఇంటికే ఆ ఏడాది గృహప్రవేశం జరిగింది, నాకూ కార్డు ఇచ్చారు, ఆ ఫ్లెక్సీ వేసిన పక్క షాపతనికీ డబ్బులు రాలేదట. రెండో ఏడాది కేసు వేరే కోర్టుకి మారింది, కేసు కాగితాల కట్ట మాత్రం దారిలో ఎక్కడో ఆగిపోయింది. ఆ తర్వాత జడ్జిగారు లీవు, ఆయనొస్తే లాయర్ల విధుల బహిష్కరణ, వాళ్ళొస్తే ముద్దాయికి జ్వరం. మొన్న కూడా జ్వరమే. వాళ్ళ లాయరు ఆ రోజుకి హాజరు మినహాయించమని 317 పిటిషన్ వేశారు, రోగి నిలబడలేని స్థితిలో ఉన్నాడని. బయటికొచ్చి చూద్దును కదా, ఎదురుగా టీ కొట్టు దగ్గర రోగి మిరపకాయ బజ్జీ మధ్యలోకి చీల్చి ఉల్లిపాయలు పెట్టించుకుంటున్నాడు.

నన్ను చూసి ఎంత సంతోషించాడో! "రా అన్నా, టీ తాగు. ఏమంటున్నారు లోపల?"

ఏమంటారు, నీకు జ్వరమంటున్నారు.

"అవునన్నా, వారం నుంచీ ఒళ్ళు నొప్పులు," అని బజ్జీ నోట్లో పెట్టుకున్నాడు. టీ డబ్బులు ఆయనే ఇచ్చారు. నా డబ్బులే అనుకోండి.

జడ్జిగారిని తిట్టడానికి మనసొప్పదు. దేశంలో పెండింగ్ కేసులు 5 కోట్లు దాటాయి. ప్రతి 10 లక్షల జనాభాకి 50 మంది జడ్జిలు కావాలని లా కమిషన్ 1987లో చెప్పింది, ఇప్పటికీ అందులో సగం మంది కూడా లేరు. అంటే ఆ సిఫార్సు నా కేసుకంటే పాతది, అదీ వాయిదాల్లోనే ఉంది. ప్రపంచ బ్యాంకు 2020 నివేదికలో వ్యాపార సౌలభ్యంలో మన ర్యాంకు 63 అని ఊరూరా సంబరాలు చేశారు. ఆ సంబరాల ఫ్లెక్సీలూ నేను వేశాను. అదే నివేదికలో ఒప్పందాలు అమలు చేయించడంలో మన స్థానం 190 దేశాల్లో 163, ఒక వ్యాపార దావా తేలడానికి 1,445 రోజులు, సింగపూర్‌లో 164. ఈ అంకెలు వేయమని మాత్రం ఎవరూ ఆర్డరివ్వలేదు. తర్వాత లెక్కల్లో అవకతవకలు బయటపడి 2021లో ప్రపంచ బ్యాంకు ఆ నివేదికనే ఆపేసింది. పరీక్షే రద్దయ్యాక మార్కుల గొడవ ఎవడిక్కావాలి?

అసలు ప్రభుత్వమే సంతకం చేసిన కాగితాన్ని లెక్కచేయనప్పుడు కాంట్రాక్టరు చేస్తాడా? 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అంతకుముందు కుదిరిన సౌర, పవన విద్యుత్ ఒప్పందాల ధరలు మళ్ళీ మాట్లాడదామంది. ఒప్పందంలో రాసుకున్న ధరే చెల్లించాలని హైకోర్టు చెప్పేసరికి 2022 మార్చి వచ్చింది. పెద్ద పెద్ద లాయర్లని పెట్టుకోగలిగిన కంపెనీలకే అన్నాళ్ళు పట్టింది.

పోయిన నెల ఒక కుర్రాడు షాపుకొచ్చాడు. టిఫిన్ బండి పెడుతున్నాడట, బోర్డూ మెనూ కావాలి, సగం ఇప్పుడిస్తాను, సగం బండి మొదలెట్టాక వారానికి కొంత ఇస్తానన్నాడు. చేతిలో చిన్న కాగితం, దాని మీద ఇడ్లీ, పెసరట్టు రేట్లు పెన్నుతో రాసుకొచ్చాడు. నేనేం అడిగానో తెలుసా? "ఎవరి తాలూకు బాబూ నువ్వు?" ఇదీ మన దేశంలో చిన్న వ్యాపారానికి మిగిలిన న్యాయశాస్త్రం. కోర్టు మీద నమ్మకం లేదు కాబట్టి చుట్టరికం చూస్తాం, ఊరు చూస్తాం, నోటితో అడగకుండానే కులం చూస్తాం. వాడు ఎవరి తాలూకూ కాదు. మొత్తం అడ్వాన్స్ ఇస్తేనే అన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. మోసం చేసినవాడు నాకు టీ ఇప్పిస్తున్నాడు, ఏ పాపం ఎరగని పిల్లాణ్ణి నేను వెళ్ళగొట్టాను. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా రేపు ఇంకొకడొస్తే అదే అడుగుతాను.

చట్టం కదలదని మాత్రం అనకండి, మనిషిని బట్టి పరిగెడుతుంది. 2022 చివరి లెక్కల్లో జైళ్ళలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు శిక్ష పడనివాళ్ళే, విచారణ ఖైదీలు. వాళ్ళలో జామీను ఇచ్చే దిక్కులేని పేదవాళ్ళు ఎందరో. వాళ్ళ ఇల్లు పోలీసులకి ఎప్పుడైనా తాళం వేసి కనిపించిందా? వాళ్ళ జ్వరానికి ఎవడైనా పిటిషన్ వేశాడా? వాళ్ళకీ పడేవి వాయిదాలే, కాకపోతే టీ కొట్టు దగ్గర కాదు, కటకటాల వెనక. ఇలాంటి చోట పెట్టుబడికి స్వర్గధామమని రంగుల్లో వేసుకోవడానికి మనకి సిగ్గుండాలి, వేసినందుకు నాకూ ఉండాలి.

సరే, బీపీ పెరుగుతోంది. మొన్న టీ అయ్యాక లాయరు గారి గుమాస్తా వచ్చి, "పదహారుకి పడిందండీ" అన్నాడు. కాంట్రాక్టరు గారు బండి స్టార్ట్ చేస్తూ, "అన్నా, ముందురోజు ఒకసారి ఫోన్ చెయ్యవా, నేను మర్చిపోతా" అన్నారు.

పదిహేనో తారీఖు సాయంత్రం గుర్తుపెట్టుకుని చేయాలి.