లైసెన్స్ అక్కర్లేదన్నారని క్లాసు మానేయకండి

ఈ మధ్య మనవాళ్ళ ఇళ్ళల్లో నలుగురు చేరితే గన్ మాట వస్తోంది. 2017లో కాన్సస్‌లో, 2023లో ఇక్కడే టెక్సాస్‌లో అలెన్ మాల్‌లో మన పిల్లలు కాల్పులకు బలయ్యారు కాబట్టి ఆ భయాన్ని నేను తప్పు పట్టను.

మొన్న ఒక తమ్ముడు అడిగాడు, "టెక్సాస్‌లో గన్ వెంట పెట్టుకోడానికి లైసెన్సే అక్కర్లేదు కదన్నా, ఆ లైసెన్స్ క్లాసెందుకు?" అని. నిజమే, 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్ళు నిండి, గన్ ఉంచుకునే అర్హత ఉన్నవాళ్ళు లైసెన్స్ లేకుండానే వెంట పెట్టుకోవచ్చు. కానీ స్కూలుకి వెయ్యి అడుగుల లోపల గన్ ఉండకూడదని ఫెడరల్ చట్టం ఉంది, రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్ళకి అందులో మినహాయింపు ఉంది. మనం ఇళ్ళు కొనేదే మంచి స్కూళ్ళు చూసుకుని, ఇక వాటి మీదుగా వెళ్ళని రోజేది?

క్లాసు అంటే నాలుగు నుంచి ఆరు గంటలు. అందులో కాల్చడం కంటే ఎప్పుడు కాల్చకూడదు, గొడవని మాటలతో ఎలా చల్లార్చాలి, పిల్లల చేతికి గన్ అందకుండా ఎలా దాచాలి అన్నవే నాకు ఎక్కువ పనికొచ్చాయి. తర్వాత రేంజ్‌లో, అంటే కాల్చడం సాధన చేసే చోట, 50 తూటాలు కాల్చాలి, 250కి 175 వస్తే పాస్. వాటిలో 20 తూటాలు మూడు గజాల నుంచే, అంటే మన హాల్లో సోఫాకీ టీవీకీ మధ్య ఉండేంత దూరం! ఇలినాయ్‌లో 16 గంటలు, న్యూయార్క్‌లో 16 గంటల క్లాసు, పైన రెండు గంటలు రేంజ్. నన్నడిగితే మన దగ్గరున్నదే చాలా తక్కువ, దాన్ని కూడా వద్దనుకుంటే ఎలా?

హెచ్‌1బీ మీద ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీరు మాత్రం సరదాకి కూడా రేంజ్‌కి వెళ్ళి గన్ పట్టుకోకండి. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర గన్ కాదు, తూటా ఉన్నా ఫెడరల్ నేరమే. ముందు లాయర్‌ని అడగండి. గ్రీన్ కార్డు ఉంటే ఈ అడ్డు లేదు.

ఇంకొకటి, ఇంట్లో 17 ఏళ్ళ లోపు పిల్లలకి లోడ్ చేసిన గన్ అందేలా వదిలేసి, అది వాళ్ళ చేతికి చిక్కితే టెక్సాస్‌లో పెద్దవాళ్ళ మీద కేసవుతుంది. కేసు సంగతి అటుంచండి, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ బీరువా సర్దుతుంటే చేతికి ఏం తగులుతుందో ఒక్కసారి ఆలోచించండి. గన్ కంటే ముందు తాళం వేసే సేఫ్ కొనండి.

మన సంఘం ఏటా టాక్స్ సెమినార్ పెడుతుంది. ఈసారి అదే హాల్లో ఒక శనివారం లైసెన్స్ ఉన్న ఇన్‌స్ట్రక్టర్‌ని పిలిచి ఈ క్లాసు కూడా పెట్టమని కమిటీని అడుగుతున్నాను, కుర్చీలు వేసే పని నేను చూసుకుంటాను.