పాత పేరు పెట్టినంత మాత్రాన పాత క్లిప్ అయిపోదు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ పెళ్లి వీడియోల ఎడిటర్ల గ్రూపుల్లో ఒకే సందేశం తెగ తిరుగుతోంది. ‘చేసిన ఎడిటింగ్ చెక్కుచెదరకుండా క్లిప్ మార్చే రహస్యం’ అని దాని పేరు. అంటే వీడియోలో ఇప్పటికే కత్తిరించి, ఎఫెక్టులు పెట్టిన ముక్క స్థానంలో ఇంకో ముక్క పెట్టడం. అందుకు అయిదు సూచనలు ఇస్తోంది. తెలుగులో ఒకరు పంపిన గంటకే అదే ఒడియాలో ఇంకొకరి నుంచి వస్తుంది. వద్దన్నా ఆగడం లేదు కనుక జవాబు రాసి పెడుతున్నాను.

ముందు కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయాలట. చేసుకోండి, కరెంటు మీది. రెండోది, డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్‌లోనే ఈ పని కుదురుతుందట. డావించి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో క్లిప్ మార్చే ఎఫ్11 మీట నొక్కి చూడండి. కేడెన్‌లైవ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, అందులోనూ క్లిప్ మార్చే సదుపాయం ఉంది.

అసలు ‘రహస్యం’ మూడోది: ‘కొత్త ఫైలుకు పాత ఫైలు పేరు పెట్టండి, పాతదాన్ని తీసేయండి, ప్రాజెక్టు తెరవండి. అంతే!’

నిజమే, అంతే సంగతులు. టైమ్‌లైన్‌లో, అంటే క్లిప్‌లను వరుసగా పేర్చే పట్టీలో, మనం చేసిన కత్తిరింపు దృశ్యాన్ని గుర్తు పెట్టుకోదు, సమయాన్ని గుర్తు పెట్టుకుంటుంది. పాత ఫైలులో 12వ సెకను నుంచి 17వ సెకను వరకు మూడు ముళ్లు పడ్డాయనుకుందాం. కొత్త ఫైలులో అదే అయిదు సెకన్లలో పురోహితుడు అక్షింతల పళ్లెం కోసం వెతుకుతూ ఉండవచ్చు. వెనుక గట్టిమేళం మోగుతుంది, తెరమీద పళ్లెం దొరకదు. పైగా ఆ ఫైలు ఒక్కచోటే వాడామా? పూర్తి వీడియోలో, హైలైట్స్‌లో, ఇన్‌స్టాగ్రామ్ రీల్‌లో వాడి ఉంటాం. ఒకచోట మార్చాలనుకుంటే అన్నిచోట్లా మారిపోతుంది. అన్‌డూ నొక్కితే తిరిగి రాదు, ఎందుకంటే మార్పు జరిగింది ప్రాజెక్టులో కాదు, హార్డ్ డిస్కులో.

దీన్నీ క్షమించవచ్చు. ‘పాతదాన్ని తీసేయండి’ అన్న మాటను మాత్రం క్షమించలేను. వారానికి రెండు పెళ్లిళ్లు పడే రోజుల్లో కెమెరా మెమరీ కార్డు ఎప్పుడో ఫార్మాట్ అయిపోయి ఉంటుంది. అంటే తీసేసేది ఆ కుటుంబానికి మిగిలిన ఒకే ఒక్క ప్రతి. పేర్ల సంగతి మరీ ఘోరం. కొన్ని కెమెరాల్లో సెట్టింగును బట్టి ప్రతి కార్డులోనూ అంకెలు మొదటి నుంచే మొదలవుతాయి. అలా ఏ పెళ్లి ఫోల్డరు తెరిచినా సీ0001 అనే ఫైలు కనిపిస్తుంది. ఇప్పటికే ఒకే పేరుతో ఇన్ని ఫైళ్లుంటే, మనం చేతులారా ఇంకొన్ని పుట్టించాలట! ఫోల్డరు మారి ప్రాజెక్టు ఫైళ్లను వెతుక్కునేటప్పుడు పేరే దిక్కు. తలంబ్రాల మధ్యలో ఇంకొకరి హాతగంఠి (ఒడియా పెళ్లిలో వధూవరుల చేతులు కలిపి కట్టే తంతు) వస్తే రెండు కుటుంబాలకూ ఈ రహస్యం రాసిన మహానుభావుడే సమాధానం చెప్పుకోవాలి.

దీనికి సరైన దారి ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎన్నో ఏళ్లుగా ఉంది. ఆల్ట్ మీట పట్టుకుని కొత్త క్లిప్‌ను పాతదాని మీదకు లాగి వదలండి. నిడివీ ఎఫెక్టులూ పాతవే ఉంటాయి, దృశ్యం మారుతుంది. మూడు ముళ్ల వేళ మేనమామ తల అడ్డొచ్చి రెండో కెమెరా షాట్ పెట్టాల్సి వస్తే ఇంకా మంచి మార్గం ఉంది. టైమ్‌లైన్‌లో మొదటి ముడి పడే ఫ్రేము దగ్గర ఆగండి, సోర్స్ మానిటర్‌లో (అసలు క్లిప్‌ను విడిగా చూసే కిటికీలో) రెండో కెమెరాలోని అదే క్షణం దగ్గర ఆగండి. పాత క్లిప్‌పై రైట్ క్లిక్ చేసి రీప్లేస్ విత్ క్లిప్‌లో మ్యాచ్ ఫ్రేమ్ ఎంచుకోండి. ముడికి ముడి సరిపోతుంది. మీరు చూస్తున్న ఆ ఒక్క ముక్క తప్ప ప్రాజెక్టులో ఇంకేదీ కదలదు.

నాలుగోది: ‘ఎఫెక్టులన్నీ కొత్త క్లిప్‌కు తగ్గట్టు వాటంతట అవే సర్దుకుంటాయి.’ ఎఫెక్టులకు అంత జ్ఞానం ఉంటే మనతో పనేముంది? గోపాల్‌పూర్ తీరంలో మిట్టమధ్యాహ్నపు షాట్‌కు దిద్దిన రంగును మండపం దీపాల కింది షాట్‌కు తగిలిస్తే పెళ్లికూతురికి పచ్చకామెర్లు వచ్చినట్టుంటుంది. హెచ్‌డీ టైమ్‌లైన్‌లో 100 శాతం సైజులో ఉన్న క్లిప్ స్థానంలో 4కే క్లిప్ పెడితే నాలుగో వంతు చిత్రమే కనిపిస్తుంది, స్కేలు 50కి తేవాలి. పాత ముఖాన్ని వెంబడించిన మాస్కు (చిత్రంలో కొంత భాగానికే ఎఫెక్టు పెట్టే హద్దు) కొత్త షాట్‌లో గాలిని వెంబడిస్తుంది.

ఇక అయిదోది: పాత క్లిప్‌ను కాపీ చేసి, పక్కన పెట్టిన కొత్త క్లిప్‌పై పేస్ట్ యాట్రిబ్యూట్స్ (పాత క్లిప్ ఎఫెక్టులను మాత్రమే అతికించే ఆదేశం) వాడమంటోంది. ఇది సరైన మాట. కెమెరాలు వేరైనప్పుడు నేను చెప్పిన ఆల్ట్ పద్ధతికంటే ఇదే మేలు కూడా, ఏది తేవాలో ఏది వదలాలో ముందే అడుగుతుంది కనుక. సైజు తేడా ఉంటే సైజు, స్థానం చూసే మోషన్‌కు టిక్ తీసేయండి, రంగు పనికొస్తుందనుకుంటే రంగులు దిద్దే లుమెట్రికి ఉంచండి. కుదుపులు తగ్గించే వార్ప్ స్టెబిలైజర్ తెచ్చుకుంటే మాత్రం దాన్ని కొత్త క్లిప్ మీద మళ్లీ మొదటినుంచి నడిపించక తప్పదు.