నీరు తీసిన తర్వాత మూడు రోజులు

2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం నేరుగా తెలంగాణ మీదికి నడిచింది. మర్నాడు ఉదయం లెక్క తీస్తే 24 గంటల్లో హైదరాబాద్ బేగంపేటలో 19 సెంటీమీటర్లకు పైగా, ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లకు పైగా వాన. ఆ రాత్రే గగన్‌పహాడ్‌లో అప్ప చెరువు, మైలార్‌దేవ్‌పల్లి వైపు పల్లె చెరువు కట్టలు తెగాయి. తర్వాత వాన తెరిపిచ్చింది. పాతబస్తీలో జనం బురద ఎత్తిపోసుకుంటూ, పరుపులు మిద్దెల మీద ఆరేసుకుంటూ ఉండగానే 17వ తేదీ రాత్రి మళ్లీ కురిసింది. బాలాపూర్ గుర్రం చెరువుకు గండి పడి హఫీజ్‌బాబానగర్ ఇళ్లలోకి నీళ్లు దూకాయి.

తుపాను హెచ్చరిక ఇవ్వడానికి ఒక యంత్రాంగం ఉంది. పడవలు వేసుకొచ్చి జనాన్ని బయటికి తీసుకెళ్లడానికి ఇంకొకటి ఉంది. నెల తర్వాత పరిహారం పంచడానికి మరొకటి. ఈ చివరి రెండింటికీ మధ్య, నీరు తీసిన మొదటి మూడు రోజులు మాత్రం ఏ శాఖ లెక్కలోనూ లేవు. ఇంట్లో మిగలాల్సినవి మిగిలేదీ, పోకూడనివి పోయేదీ ఆ మూడు రోజుల్లోనే. ఆ పనంతా ఒక్కో కుటుంబం ఒంటరిగా, ఏది ముందో ఏది వెనకో తెలియకుండా చేసుకుంటోంది.

అక్టోబరు వాన ఈ నగరానికి ఎందుకు ఇంత చేటు చేస్తుందో ముందు చూడాలి. నైరుతి వెళ్లిపోయే వేళకు నేల నాని ఉంటుంది, చెరువులు నిండి ఉంటాయి. బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టేదీ అప్పుడే. ఇంకడానికి చోటు లేని నీరంతా నాలాల మీద పడుతుంది. పైగా ఇక్కడివి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు దుమికిన నీరు కింది చెరువుకు చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే వాన ఆగిన తర్వాత కూడా కింది కాలనీలో నీటిమట్టం పెరుగుతుంది. మొదటి రోజు పొద్దున చేయాల్సిన మొదటి పని ఇంటిది కాదు, ఇంటికి పైన ఉన్న చెరువుది. కాలనీ నుంచి ఇద్దరు ముగ్గురు వెళ్లి కట్ట దిగువ పాదం చూడాలి, దూరంగా నిలబడే. అక్కడ ఊట తేటగా ఉంటే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. ఊట బురదగా వస్తుంటే కట్ట లోపలి మట్టిని నీరు మోసుకొస్తోందని అర్థం. అలాంటప్పుడు సామాను సర్దడం మానేసి పై అంతస్తుకో, ఎత్తైన వీధికో పోవాలి. అధికారులకు ఫోన్ చేయడం ఆ తర్వాత.

కరెంటు సంగతి. వీధిలో సరఫరా వచ్చినా ఇంటి మెయిన్ వేయకూడదు. చాలా అపార్ట్‌మెంట్లలో మీటరు బోర్డు సెల్లార్‌లోనే ఉంటుంది. ప్రమాదంలో సరఫరాను తెంచే స్విచ్చులైన ఎంసీబీ, ఆర్‌సీసీబీలు నీళ్లలో మునిగితే వాటిని ఎండలో పెట్టి ఆరబెట్టినా లాభం లేదు. లోపలి స్ప్రింగుకు, కాంటాక్టులకు సన్నటి ఒండ్రు పట్టి ఉంటుంది. ప్రమాదం వచ్చినప్పుడు ట్రిప్ కావాల్సింది కాదు. అవి మార్చాల్సిందే. గోడలోని వైరు చాలాసార్లు పనికొస్తుంది, జాయింట్లే పాడవుతాయి. ఎలక్ట్రీషియన్ మెగ్గర్ అనే కొలత పరికరం పెట్టి ఇన్సులేషన్ కొలిచి, ఒక మెగాఓమ్‌కు తగ్గకుండా ఉంటేనే ఆ సర్క్యూట్ కలపాలి. జనరేటరో ఇన్వర్టరో నడిపేవాళ్లు మెయిన్ దించకుండా నడిపితే ఆ కరెంటు వెనక్కి లైన్‌లోకి వెళ్తుంది. స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం మీదికి వస్తుంది.

ఇక సెల్లార్. 200 గజాల సెల్లార్‌లో మూడు అడుగుల నీళ్లంటే లక్షన్నర లీటర్లు. నిమిషానికి 150 లీటర్లు తోడే చిన్న మోటారుకు అది 17 గంటల పని. నిమిషానికి వెయ్యి లీటర్లు తోడే డీజిల్ పంపుకు రెండున్నర గంటలు. ఆ పంపును సెల్లార్ లోపల పెట్టి నడపడం మాత్రం ఆత్మహత్యతో సమానం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిమిషాల్లో మనిషి కూలిపోతాడు. పంపు బయట, పైపు లోపల ఉండాలి.

మూడు అడుగులైతే ఒకేసారి తోడేయవచ్చు. సెల్లార్ కప్పు దాకా నిండితే అలా చేయకూడదు. బయట నేల నానిపోయి గోడను లోపలికి తోస్తుంటుంది. లోపలి నీరే ఆ గోడను ఎదురు నెట్టి నిలబెడుతోంది. ఆ నీటిని ఒక్కపూటలో తీసేస్తే గోడ బీటలు వారొచ్చు, కూలిపోనూవచ్చు. ఒక అడుగు మేర తోడి, నీళ్ల అంచున గోడ మీద సుద్దముక్కతో గీత గీసి, ఒక రాత్రి ఆగాలి. తెల్లారి చూస్తే నీరు గీత దాటి పైకి వచ్చి ఉంటే నేల ఇంకా నిండుగా ఉందన్నమాట, మళ్లీ గీత వరకే తోడి ఇంకో రోజు ఆగాలి. గీత దగ్గరే నిలిస్తే ఆ రోజు నుంచి రెండు మూడు అడుగుల చొప్పున తీయొచ్చు. తోడిన నీరు ఎక్కడికి పోతుందన్నదీ ముఖ్యమే. ఎత్తున ఉన్న అపార్ట్‌మెంట్ ముందుగా తోడి వీధిలోకి వదిలితే అది పల్లపు ఇంటి సెల్లార్‌లోకే చేరుతుంది. నాలాలో మట్టం తగ్గాక, వీధంతా ఒక మాట అనుకుని వరుస పెట్టుకుంటేనే ఆ డీజిలుకు అర్థం ఉంటుంది.

మునిగిన కారును స్టార్ట్ చేసి చూడొద్దు. ఇంజను సిలిండర్‌లోకి చేరిన నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. బీమా కంపెనీ ఆ నష్టాన్ని వరద నష్టంగా ఒప్పుకోవడం కష్టం, ఇంజను రక్షణ యాడ్-ఆన్ లేకపోతే మరీను. బ్యాటరీ తీగ ఊడదీసి, నీళ్లు ఎంతవరకు వచ్చాయో తెలిసేలా ఫోటో తీసి, టోయింగ్ చేయించడమే. ఇంట్లో సామానుకూ అంతే, కడగకముందే ఫోటోలు తీయాలి.

అన్నింటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది సంపు దగ్గర. హైదరాబాద్ ఇళ్లలో సంపు మూత నేలమట్టానికే ఉంటుంది. డ్రైనేజీ మ్యాన్‌హోల్ దానికి నాలుగు అడుగుల దూరంలోనే ఉండటం మామూలు. వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిస్తే సంపులో చేరింది వాన నీరు మాత్రమే కాదు. బురద కడుక్కోవడానికి నీళ్లు కావాలన్న తొందరలో చాలామంది ముందు మోటారు వేసేస్తారు. దాంతో సంపులోని మురుగు మిద్దె మీది ట్యాంకుకు, అక్కడి నుంచి ఇంట్లో ప్రతి పైపుకూ చేరుతుంది. ఒక్క సంపు కడిగితే పోయేది ఇల్లంతా కడగాల్సి వస్తుంది.

జలమండలి నల్లా వాల్వు కట్టేసి, మూత తెరిచి గంటకు పైగా గాలాడనివ్వాలి. లోపలికి మనిషిని దించకుండానే పని జరగాలి: నీటిని పంపుతో తీసి, బురదను తాడు కట్టిన బకెట్‌తో లాగి, పొడుగు కర్ర బ్రష్‌తో పైనుంచే రుద్దాలి. దీపం దించి చూసే పాత పద్ధతిని నమ్మొద్దు. దీపం వెలగడానికి సరిపడా ఆక్సిజన్ ఉన్నచోట కూడా మనిషిని పడగొట్టేంత హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండొచ్చు. లోపల ఒకరు పడిపోతే కాపాడబోయి రెండోవాడు దిగడం, ఇద్దరూ పోవడం సంపు ప్రమాదాల్లో పదే పదే జరిగేదే.

గోడలు రుద్దడానికి 15 లీటర్ల బకెట్‌కు 100 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ సరిపోతుంది. తర్వాత సంపు నింపాలి. కొలత తెలియకపోతే పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో గుణించి వచ్చినదాన్ని 28తో హెచ్చిస్తే లీటర్లు వస్తాయి. ఎనిమిది, ఆరు, ఏడు అడుగుల సంపు అంటే దాదాపు 9,400 లీటర్లు. ప్రతి వెయ్యి లీటర్లకు 200 గ్రాముల పౌడర్ చొప్పున అంటే రెండు కిలోలకు కాస్త తక్కువ. పౌడర్‌ను అలాగే గుమ్మరించకూడదు. ప్లాస్టిక్ బకెట్‌లో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, పావుగంట ఆగితే సున్నం అడుక్కు దిగుతుంది. పైన తేరిన నీటినే సంపులో పోయాలి. మోటారు వేసేది ఇప్పుడు. ట్యాంకు నిండాక ఇంట్లో ఒక్కో కుళాయి విప్పి, క్లోరిన్ వాసన రాగానే కట్టేసి, ఒక రోజంతా అలాగే వదిలేయాలి. అంతకుముందే ఆర్‌ఓ ఫిల్టర్ పైపు ఊడదీయడం మరవొద్దు, ఇంత ఘాటు క్లోరిన్ తగిలితే దాని పొర చెడిపోతుంది. మర్నాడు ఆ నీరంతా వదిలేసి మళ్లీ నింపాలి. ఇక రోజువారీ వాడకానికి వెయ్యి లీటర్లకు ఐదు గ్రాములు చాలు. అరగంట ఆగి పరీక్ష కిట్‌తో చూస్తే లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలి. ట్యాంకర్ నీళ్లకూ ఇదే లెక్క. బ్లీచింగ్ పోసినచోట బాత్రూం యాసిడ్ పోయొద్దు, రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు.

పౌడర్‌లో క్లోరిన్ 25 శాతం ఉందనుకుని చెప్పిన లెక్కలివి. గోదాములో మూతి విప్పి నెలల తరబడి పడి ఉన్న సంచిలో అంత ఉండదు. వాసన లేని బ్లీచింగ్ సున్నంతో సమానం. మన దగ్గర వరదల తర్వాత వీధుల అంచున చల్లుతున్న తెల్లటి గీతలు కంటికి పని జరిగినట్టు కనిపిస్తాయి, సంపులోని నీటిని మాత్రం బాగుచేయవు.

ఇంట్లో బురదను తడిగా ఉండగానే తోసేయాలి. ఒక పగలు ఎండితే పారతో గీకాల్సిందే. 700 చదరపు అడుగుల ఇంట్లో రెండంగుళాల బురదంటే ఒక ట్రాక్టర్ ట్రక్కు నిండుతుంది. అల్మారాల్లో, పరుపుల మడతల్లో చేయి పెట్టేముందు కర్రతో కదిలించాలి. పాము కనబడితే కొట్టొద్దు, పట్టుకెళ్లడానికి నగరంలో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఉంది. కాటు పడితే గుడ్డ బిగించి కట్టకుండా, కోయకుండా, ఆ కాలో చేయో కదలనివ్వకుండా ఉస్మానియాకో గాంధీకో తీసుకెళ్లాలి. వరద నీళ్లలో నడిచినవాళ్లకు రెండు వారాల లోపు జ్వరంతో పాటు పిక్కల నొప్పి వస్తే, నీళ్లలో తిరిగిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. ఎలుకల మూత్రం నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ అనుమానం అప్పుడే వస్తుంది. దోమల బెడద మొదలయ్యేది రెండో వారంలో. గుడ్డు దోమ కావడానికి ఏడు నుంచి పది రోజులు పడుతుంది కాబట్టి ఆలోపే టైర్లు, పూలకుండీలు బోర్లించాలి.

కాగితాల దగ్గర తొందర పనికిరాదు. బీరువాలో తడిసిన దస్తావేజు కట్టను విప్పితే స్టాంపు పేపరు పొర వెనక పేజీకి అంటుకుని చిరిగిపోతుంది, సిరా ఒకదాని మీదికి ఒకటి దిగుతుంది. కట్టను కట్టగానే తేట నీళ్లలో ఒకసారి ముంచి తీసి, పాలిథిన్ కవర్లో చుట్టి, కరెంటున్న చుట్టాల ఇంట్లో డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి. బూజు రెండు రోజుల్లో మొదలవుతుంది, చలికి ఆగుతుంది. తీరిక చిక్కాక బయటికి తీసి, నీడన ఫ్యాను గాలికి ఒక్కో పేజీ ఆరబెట్టుకోవచ్చు. లామినేట్ చేసినవాటి అంచు ఒకవైపు కత్తిరించకపోతే లోపలి నీరు బయటికి రాదు. దస్తావేజు పూర్తిగా పోయినా సబ్‌రిజిస్ట్రార్ దగ్గర సర్టిఫైడ్ కాపీ దొరుకుతుంది. దానికి డాక్యుమెంటు నంబరు, సంవత్సరం ఫోన్‌లో రాసి ఉంచుకుంటే చాలు.

ఇంత పనిలో ప్రభుత్వం చేయగలిగిందేమిటి? 2020లో కుటుంబానికి 10,000 రూపాయలు ప్రకటించి, 550 కోట్లు విడుదల చేశారు. డబ్బు అవసరమే, అందుకున్నవాళ్లకు అది ఆసరా అయింది. కానీ నవంబరు నడిమికి కూడా జనం మీసేవ కేంద్రాల ముందు బారులు తీరి ఉన్నారు. డిసెంబరు 1 నాటి జీహెచ్‌ఎంసీ పోలింగ్‌కు ముందు ఎన్నికల సంఘం పంపిణీ ఆపించింది. వరద రెండో రోజు ఆ కుటుంబానికి కావాల్సింది మెగ్గర్ ఉన్న ఎలక్ట్రీషియన్, పంపు, మంచి బ్లీచింగ్, బురద ఎత్తే ట్రాక్టరు. చేతిలో నోట్లున్నా ఆ రోజు దొరకనివి ఇవే.

వెయ్యి ఇళ్లు మునిగే వార్డుకు లెక్క వేసి చూద్దాం. సంపుకు రెండు కిలోల చొప్పున రెండు టన్నుల బ్లీచింగ్, అంటే 25 కిలోల సంచులు 80. సెప్టెంబరులో కొని, గాలి చొరకుండా నీడలో ఉంచాలి. ఒక ఎలక్ట్రీషియన్ రోజుకు ఎనిమిది ఇళ్లు చూస్తే మూడు రోజుల్లో వెయ్యి ఇళ్లకు 42 మంది కావాలి. లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్లతో, ఐటీఐలతో ముందే ఒప్పందం ఉంటేనే అది కుదురుతుంది. పెద్ద పంపు పూటకు రెండు మూడు సెల్లార్లు ఖాళీ చేస్తే పది పంపులతో రోజుకు 50 దాకా అవుతాయి. ఇదంతా ఒక మామూలు వార్డు ఆఫీసు వెనక రేకుల షెడ్డులో పట్టే సామాను.

ఆ పంపులు పెట్టే బృందం చేతిలో పరిహారం కోసం ఒక ఫారం కూడా ఉండాలి. సెల్లార్‌లో మెట్ల కింది గదిలో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. వాళ్ల ఆధార్‌లో పాలమూరు ఊరి చిరునామా, చేతిలో అద్దె చీటీ లేదు. ఇంటి నంబరు చూసి రాసుకుంటే ఆ పేరు ఓనర్లదే అవుతుంది. నెల తర్వాత విచారణకు వచ్చేవాళ్లకు కనిపించేది కడిగిన గది. పంపు పెట్టడానికి మొదటి రోజు దిగినవాళ్లకు తేలుతున్న గిన్నెలు, పిల్లల పుస్తకాలు, గోడ మీద నీటి గీత కనిపిస్తాయి. ఆ గదిలో ఎవరుంటున్నారో, ఎంతమందో అక్కడే నిలబడి రాసుకోవాల్సింది వాళ్లే.