ఒకే విషం, రెండు చర్మాలు

అమెరికా సైన్యం కోసం తయారైన లేపనం ఒకటి ఉంది. విష రసాయనాల దాడి జరగవచ్చన్న అనుమానం రాగానే సైనికులు 84 గ్రాముల పొట్లం చించి మెడ, మణికట్లు, చంకలు, నడుము, గజ్జలు, చీలమండల దగ్గర తెల్లటి పొర పలచగా కనిపించేదాకా పూసుకోవాలి. ఆ పైన రక్షణ దుస్తులు తొడుక్కోవాలి. దుస్తుల అంచులు ఎక్కడ వదులైతే అక్కడి నుంచే విషం జొరబడుతుంది కనుక ఈ ఏర్పాటు. అందులో ఉన్నదల్లా పెనాల మీద పూత వేసే టెఫ్లాన్ పొడి, ఫ్లోరిన్ కలిసిన ఒక నూనె. అది విషాన్ని విరిచెయ్యదు, కొన్ని గంటలు చర్మం దాకా రానివ్వదు, అంతే. ముందే దోమల మందు రాసుకుని ఉంటే తుడిచేయాలి, లేకపోతే లేపనం పట్టు తగ్గుతుంది. లేపనం అంటిన వేళ్లతో సిగరెట్ ముట్టుకుంటే ఆ పొగే జ్వరం తెప్పిస్తుంది. ఇన్ని షరతులు రాసి మరీ అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2000 ఫిబ్రవరిలో దానికి అనుమతి ఇచ్చింది. 1917లో మస్టర్డ్ వాయువు సైనికుల ఒళ్లంతా బొబ్బలెక్కించిన నాటి నుంచి సైన్యాలు ఈ వెతుకులాట మానలేదు.

ఈ సంగతితో నల్గొండకు, మహబూబ్‌నగర్‌కు పనేమిటని అడగవచ్చు. పని ఉంది. నరాలను దెబ్బతీసే యుద్ధ రసాయనాలు పుట్టింది పురుగుమందుల ప్రయోగశాలలోనే. 1936లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త గెర్హార్డ్ ష్రాడర్ కొత్త పురుగుమందు కోసం వెతుకుతూ టాబున్‌ను కనుగొన్నాడు. సారిన్ కూడా ఆ బృందం పనే. ఆ తర్వాత పొలాలకు వచ్చిన పారాథియాన్ కూడా ఆయన చేతి సరుకే. 1950ల్లో బ్రిటన్‌లో అమిటాన్ అనే పురుగుమందును అమ్మకానికి పెట్టి, మరీ విషపూరితమని వెనక్కి తీసుకున్నారు. ఆ కుదురు నుంచే వీఎక్స్ అనే యుద్ధ విషం వచ్చింది. మన పత్తి రైతుకు చిరపరిచితమైన మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ ఈ ఆర్గానోఫాస్ఫేట్ వంశానివే. తీవ్రతలో వీటికీ సారిన్‌కూ పోలికే లేదు, ఆ మాట దాచనక్కరలేదు. కానీ ఒంట్లో చేసే పని ఒకటే. నరం నుంచి కండరానికి వెళ్లిన సంకేతాన్ని ఆపే ఎంజైమును కట్టిపడేస్తాయి. కంటిపాప సూదిమొనంత అవుతుంది, చొంగ కారుతుంది, కండరాలు అదురుతాయి, చివరికి ఊపిరి ఆడదు. విరుగుడు కూడా ఒకటే: యుద్ధభూమిలో సైనికుడు తొడకు పొడుచుకునే సూదిలోనూ, మన జిల్లా ఆసుపత్రి అత్యవసర విభాగంలోనూ ఉండేవి అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్‌లే.

విషం ఒకటే, విరుగుడు ఒకటే అయినప్పుడు చర్మానికి రక్షణ మాత్రం ఒకరికే ఎందుకు?

సెప్టెంబర్ నెలలో దేవరకొండ వైపో, కల్వకుర్తి వైపో పత్తి చేలలో మందు కొట్టే కూలీని దగ్గర నుంచి చూడండి. ట్యాంకుకు ఇంత అని మాట్లాడుకున్న పని. ఎన్ని ట్యాంకులు కొడితే అంత కూలి. లుంగీ మోకాళ్ల పైకి ఎగగట్టి, ముఖానికి తువ్వాలు చుట్టి, చెప్పులు లేకుండా సాళ్లలో నడుస్తాడు. మూత సరిగా పట్టని ట్యాంకు నుంచి మందునీళ్లు కారి చొక్కా వీపుకు అతుక్కుపోతుంది. నాజిల్ పూడుకుపోతే నోటితో ఊదుతాడు. గట్టు మీద బకెట్లో మందు కలిపేది చాలా చోట్ల ఆడవాళ్లే, అదీ ఉత్త చేతులతో. నీళ్లు కలపని చిక్కటి మందు తగిలేది అక్కడే. నూనె రాసుకుంటే మందు అంటదనుకోవడం మరో ప్రమాదం. ఈ రసాయనాలు నూనెలో ఇట్టే కరుగుతాయి, దాన్ని అడ్డుగా లెక్కచేయవు.

చర్మం అన్ని చోట్లా ఒకేలా విషాన్ని పీల్చదు. పారాథియాన్ మీద 1971లో మనుషులపై చేసిన కొలతల్లో ముంజేయి నుంచి లోపలికి వెళ్లింది సుమారు 9 శాతమైతే, తల మీది చర్మం నుంచి 32 శాతం, చంక నుంచి 64 శాతం వెళ్లింది. వృషణాల చర్మం నుంచి దాదాపు మొత్తం వెళ్లింది. తడిసిన లుంగీతో సాయంత్రం దాకా పనిచేసే మనిషికి ఈ అంకెలు ఏం చెబుతాయో వేరే వివరించనక్కరలేదు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తి చేలకు మందు కొట్టి 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లెవరూ మందు తాగినవాళ్లు కాదు.

చేతకాక కాదు, చేయాలన్న పట్టుదల లేకనే ఈ దుస్థితి అనడానికి రుజువు మన దేశంలోనే ఉంది. బెంగళూరులోని ఇన్‌స్టెమ్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2018లోనే చర్మానికి రాసుకునే జెల్ ఒకటి చేసి చూపారు. సైన్యం లేపనంలా అడ్డుపడి ఊరుకోవడం కాకుండా, ప్రాలిడాక్సిమ్ తరహా రసాయనంతో ఆర్గానోఫాస్ఫేట్లను చర్మం మీదే విరగ్గొట్టడం దాని ప్రత్యేకత. ఎలుకల మీద పరీక్షిస్తే అది ప్రాణాలు కాపాడింది. అదే సూత్రంతో నేసిన ‘కిసాన్ కవచ్’ దుస్తులను 2024 డిసెంబర్‌లో కేంద్రం విడుదల చేసింది. ఉతికి మళ్లీ వాడుకోవచ్చు, ధర 4,000 రూపాయలు. రబ్బరు కోటు తొడిగితే మన ఉక్కలో అరగంట నిలవలేని మనిషికి ఇలాంటి బట్ట, ఇలాంటి జెల్ నిజంగా పనికొస్తాయి. మరి జడ్చర్లలోనో చండూరులోనో ఎరువుల దుకాణానికి వెళ్లి అడిగి చూడండి. మందు డబ్బాలు అరల నిండా ఉంటాయి. చేతి తొడుగుల జత కూడా దొరకడం గగనం.

మేము అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. విషతీవ్రత ఎక్కువని తెలిపే ఎర్ర త్రికోణం, పసుపు త్రికోణం ముద్ర ఉన్న ప్రతి మందు డబ్బాతోనూ తొడుగులు, ముఖానికి మాస్కు కంపెనీయే ఇవ్వాలి. మనుషుల మీద పరీక్షలు పూర్తయి అనుమతి వచ్చిన నాడు జెల్ కూడా అందులోనే రావాలి. లాభం తీసుకునేవారే రక్షణ ఖర్చూ పెట్టాలి. 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లో రక్షణ దుస్తుల ముచ్చట, వైద్య పరీక్షల ముచ్చట ఏనాడో రాసి ఉంది. బిందు సేద్యానికి రాయితీ ఇచ్చినట్లే కిసాన్ కవచ్‌కూ రాష్ట్రం ఇవ్వవచ్చు. మందులు కొట్టే నెలల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కోలినెస్టరేస్, అంటే ఈ విషాలు కట్టిపడేసే ఆ ఎంజైము, ఎంత ఉందో రక్త పరీక్ష చేస్తే కుప్పకూలక ముందే మనిషిని పని నుంచి తప్పించవచ్చు. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. మందు ఎలా కలపాలో, ఒంటిని ఎలా కప్పుకోవాలో అక్కడ చేసి చూపడానికి అడ్డేమిటి?

ఒక హెచ్చరిక కూడా చేయాలి. జెల్ వచ్చింది కదా అని మందులు యథేచ్ఛగా అమ్ముకునే వీలు కల్పిస్తే మొదటికే మోసం. ఆ జెల్ ఆర్గానోఫాస్ఫేట్లనే విరుస్తుంది, విరుగుడే లేని పారాక్వాట్ అనే కలుపు మందు దగ్గర దానికి పనిలేదు. కూరగాయల మీద 2005లోనే నిషేధించిన మోనోక్రోటోఫాస్ పత్తి చేలలో ఏళ్ల తరబడి సాగింది. దాని ప్రధాన రకాన్ని ఆపడానికి 2023 దాకా ఆగాల్సి వచ్చింది. అతి ప్రమాదకరమైనవాటిని మార్కెట్ నుంచి తీసేయడమే మొదటి రక్షణ. లేపనం, బట్ట ఆ తర్వాతి మాట.

ఇవన్నీ ఎవరి చేతికి అందుతాయన్నది అన్నిటికన్నా చిక్కు ప్రశ్న. మన పథకాలు పట్టాదారు పాసు పుస్తకం చుట్టూనే తిరుగుతాయి. 2018లో మొదలైన రైతు బీమా 5 లక్షల రూపాయలు కూడా భూమి ఉన్న కుటుంబానికే. పంపు మోసేది మాత్రం చాలా చోట్ల కౌలు రైతు, కూలీ. కవచానికి రాయితీ పాసు పుస్తకం చూసి ఇస్తే అది పట్టాదారు ఇంట్లో గోడకు వేలాడుతుంది. ఉపాధి హామీ జాబ్ కార్డు చూపినా ఇవ్వాలి, గ్రామ పంచాయతీలో ఉంచి అద్దె లేకుండా వాడుకోనివ్వాలి. వచ్చే వానాకాలం పత్తి విత్తే లోపే వ్యవసాయ శాఖ ఈ ఉత్తర్వులు ఇవ్వాలి.