ఉలవ కట్టుకు చోటు కావాలి

మా ఇంట్లో బరువు తగ్గడం కూడా తినే పనే. మెంతులు నానబెట్టి నమలాలి, ఉలవలు ఉడకబెట్టి కట్టు తాగాలి, పొద్దున వేడినీళ్లలో తేనె, నిమ్మరసం, రాత్రికి వాము కషాయం. వీటిలో ఏదీ ఇడ్లీకి బదులుగా తీసుకునేది కాదు. ఇడ్లీ ఇడ్లీయే, దాని నాలుగు దానికి ఉంటాయి. ఉత్త కడుపు మీద కషాయాలు పడితే వేడి చేస్తుందని మా అత్తమ్మ అభిప్రాయం. ఈ అభిప్రాయం మీద మా ఆయనకు ఎన్నడూ పేచీ లేదు.

ఆయన బరువెంతో మా గల్లీ అంతటికీ తెలుసు. మేడారం మొక్కు వల్ల వచ్చిన తిప్పలు అది. కొడుకు పేరు మీద నిలువెత్తు బెల్లం ఇస్తానని అత్తమ్మ ఎప్పుడో మొక్కుకుంది. జాతర రెండేళ్లకోసారి కాబట్టి ఆయన తూకం కూడా రెండేళ్లకోసారి జరుగుతుంది. 2024 జాతరకు 87 కిలోల బెల్లం పట్టింది. మొన్న 2026 జనవరిలో హన్మకొండలో బెల్లం దుకాణం ముందు తక్కెడలో కూచుంటే 98 పట్టింది. ఆ దుకాణాయన ముఖంలో వెలుగు చూడాలి. "చిన్నపిల్లల్ని తెచ్చి కూచోబెడితే మాకేం మిగుల్తది? మీ అసొంటోళ్లు రావాలె అన్నా" అని ఆయనకు చాయ్ కూడా తాగించాడు. చక్కెర వేసిందే.

ఆ రాత్రి అత్తమ్మ ఫోన్‌లో వీడియోలు చూడడం మొదలుపెట్టింది. "నాచురల్" అనే మాట అప్పుడే నేర్చుకుంది. మర్నాటి నుంచి నా వంటిల్లు వైద్యశాల అయింది. నిమ్మరసంలో తేనె గరిటెతో పడేది. పెద్ద చెంచాడు తేనెలోనే 60 క్యాలరీల పైన ఉంటాయని నేనంటే, "తేనెటీగెలు ఎన్నడన్న లావయినయా?" అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఉలవ కట్టు మాత్రం నిజంగా మంచిదే. ఉలవల్లో పీచుంది, మాంసకృత్తులున్నాయి, ఓ గిన్నెడు తాగితే ఆకలి కాసేపు ఆగుతుంది. కానీ మా ఇంట్లో దాని మీద వెన్న తేలుతుంటుంది, కింద అన్నం మునిగి ఉంటుంది.

పొద్దున వాకింగ్ కూడా పెట్టారు. సుబేదారిలో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు పోయేవాడు. అక్కడ సగం హన్మకొండ నడుస్తుంటుంది, మిగతా సగం బయట బండ్ల దగ్గర నిలబడి ఉంటుంది. ఈయన ముందు మొదటి సగంలో కలిసి, తర్వాత రెండో సగంలో కలిసేవాడు. షర్టు మీద పల్లి చట్నీ మరకతో వచ్చి, ఇవ్వాళ ఒక రౌండ్ ఎక్కువ వేశానని చెప్పేవాడు.

మధ్యలో పక్కింటావిడ ఏదో మూలికల పొడి డబ్బా తెచ్చింది. మీద పచ్చటి ఆకు బొమ్మ, లోపల ఏముందో మాత్రం ఎక్కడా రాయలేదు. మా తమ్ముడిది మెడికల్ షాపు. వాడు డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, "అక్కా, ఇది బావకు పోస్తే నేను మాట్లాడ" అన్నాడు. సిబుట్రమిన్ అని బరువు తగ్గించే మందు ఒకటి ఉండేదట. గుండెకు ముప్పని మన దేశంలో 2011లో నిషేధించారు. ఆ మందునే హెర్బల్ పేరు పెట్టుకున్న పొడుల్లో, గోలీల్లో గుట్టుగా కలిపి అమ్ముతుంటే చాలాచోట్ల పట్టుకున్నారు. అత్తమ్మకు ఇది రుచించలేదు. ఆకు బొమ్మ ఉంది కదా అంది.

చివరికి షుగర్ పరీక్ష చేయిస్తే అసలు సంగతి బయటపడింది. డాక్టర్ టేపు తీసి నడుము కొలిచాడు. మన దేశం మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితేనే ప్రమాదం అన్నాడు. ఈయన దాన్ని ఎప్పుడో దాటి చాలా దూరం వచ్చేశాడు. షుగర్‌కు, బరువుకు కలిపి వారానికోసారి వేసుకునే సెమాగ్లూటైడ్ సూది రాశాడు. అన్నం తిన్నాక మన పేగులు "చాలు" అని కబురు పంపే హార్మోన్ ఒకటుంది, ఈ మందు దాని పనే ఇంకా గట్టిగా చేస్తుంది. కడుపు మెల్లగా ఖాళీ అవుతుంది, ఆకలి మందగిస్తుంది. మొదట్లో కడుపులో తిప్పుతుందని, అందుకే 0.25 మిల్లీగ్రాముతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతామని చెప్పాడు. సూది ఉంది కదా అని తిండి, నడక గాలికి వదిలేయొద్దని, మానేస్తే తగ్గిన బరువు చాలామందికి మళ్లీ వస్తుందని కూడా చెప్పాడు. ఈ చివరి ముక్కలు చెప్పేటప్పుడు మా ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు.

ఇంటికొచ్చాక తమ్ముడు తన తెలివంతా చూపించాడు. ఈ సూది మందును పరీక్షించిన పెద్ద ట్రయల్‌లో 68 వారాలకు సగటున 15 శాతం దాకా బరువు తగ్గారట. "అంటే బావా, నీకు దగ్గెర దగ్గెర పదిహేను కిలోల బెల్లం మిగులుతది" అని లెక్క కట్టాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఈ జాతి మందుల్లో మొట్టమొదటిది, 2005లో అమెరికాలో వచ్చింది, గిలా మాన్‌స్టర్ అనే బల్లి లాలాజలంలో దొరికిన పదార్థాన్ని చూసి తయారు చేసిందేనని కూడా చెప్పాడు.

అత్తమ్మ చేతిలో చాట కింద పెట్టింది. "బల్లా?"

"ఇప్పటిది బల్లిది కాదత్తమ్మా, అప్పటిది..."

"కొడుకా, బల్లి మీద పడితేనే తలస్నానం జేసి దీపం పెడ్తం. నువ్వు పైసలిచ్చి పొడిపిచ్చుకుంటవా?"

"నువ్వే గద నాచురల్ గావాలన్నవ్" అన్నాడు మావాడు. "బల్లి గూడ నాచురలే."

ఆ తర్వాత వాడికి మా ఇంట్లో కొన్నాళ్లు చాయ్ పుట్టలేదు.

సూదికి ఆదివారం ఖాయం చేశారు. ఎవరి ఆలోచనో గానీ మటన్ రోజే అది. మూడో ఆదివారమో ఏమో, బగారన్నం, మటన్ ముందు పెట్టుకుని ఈయన రెండు ముక్కలు తిని పళ్లెం జరిపేశాడు. "చాలు" అన్నాడు. మా పెళ్లయ్యాక ఆయన నోట ఆ మాట వినడం నాకదే మొదలు. మందు పనిచేస్తోందని నేను లోలోపల సంబరపడుతుంటే, అత్తమ్మ లేచి ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకొచ్చి దిష్టి తీసింది. మిరపకాయలు కాలిస్తే ఘాటు రాలేదట, అంటే దిష్టి గట్టిదే తగిలింది. మాకు మాత్రం ఇల్లంతా దగ్గు.

పిల్లగాడు తిండి మానేశాడు, నీరసపడి పోతాడు, ఏం చేయాలి? ఉలవ కట్టు. గుర్రాలు అవి తినే కదా అట్ల ఉరుకుతయ్! మొన్నటిదాకా కొవ్వు కరిగించిన ఉలవలే ఇప్పుడు బలానికి వచ్చాయి. పరకాల దగ్గరి మా ఊరి నుంచి ఉలవల సంచి దిగింది. మా పెళ్లినాటి పెద్ద స్టీలు గిన్నె నిండా కట్టు కాచింది. గిన్నె ఫ్రిజ్‌లో పట్టాలి కదా. పాలు పక్కకు జరిగాయి, పెరుగు కిందికి దిగింది, పెన్నులాగా ఉండే ఆ సూది డబ్బా పైకి పోయింది.

పైకి అంటే డీప్ ఫ్రిజ్‌లోకి.

ఆదివారం డబ్బా కోసం వెతికితే పచ్చి బఠానీల సంచి వెనక దొరికింది, పుల్ల ఐస్ లెక్క. "సల్లగ ఉండాలని మీరే అంటిరి" అంది అత్తమ్మ. "ఇంకింత సల్లగ ఉండనీ అని పెట్టిన." రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి, ఒక్కసారి గడ్డకడితే ఇక పారేయాల్సిందే అని తమ్ముడు ఫోన్‌లో నెత్తి కొట్టుకున్నాడు. అత్తమ్మకు అందులో సమస్యేం కనిపించలేదు. "గడ్డ గడితే ఏమైతది? ఎండల పెడితే కరుగదా?" అని డాబా ఎక్కబోయింది. వేల రూపాయల మందును వడియాల పక్కన చూడలేక నేనే చేతిలోంచి గుంజుకున్నాను.

మళ్లీ చీటీ కోసం డాక్టర్ దగ్గరికి పోతే అత్తమ్మ కూడా బయలుదేరింది. తన కొడుక్కు ఏమేం పెడుతోందో ఆయనకు తెలియాలట. తేనె, మెంతులు, కాకర రసం, ఉలవ కట్టు, వాము నీళ్లు... ఏకరువు పెట్టింది. డాక్టర్ రాసుకుంటూ మెచ్చుకోలుగా తలాడించి, "ఇవన్నీ ఎప్పుడు తీసుకుంటడమ్మా?" అని అడిగాడు.

"అన్నం తిన్నంక."

డాక్టర్ పెన్ను కింద పెట్టాడు. మా ఆయన గోడ మీద గుండె బొమ్మను శ్రద్ధగా చూడసాగాడు.

"అన్నం తిన్నంక కాదు, అన్నం బదులు. పొద్దుగూకి ఆ కట్టు మీద వెన్న తీసేసి ఒక గిన్నె, ఒక జొన్న రొట్టె. అంతే" అన్నాడు డాక్టర్. ఉలవలు పాస్ అయ్యాయని అత్తమ్మ నా వైపు గర్వంగా చూసింది. బదులు అన్న మాట ఆమె చెవిన పడిందో లేదో తెలియదు. ఎట్లాగూ వచ్చాం కదా అని, తన మోకాళ్ల నొప్పులకు కూడా ఆ బల్లి సూది రాయమంది. ఆయన ఆమెను బరువు మిషన్ ఎక్కించాడు. 43 కిలోలు.

"నీకు సూది ఎందుకమ్మా? నువ్వు ఇంకా మంచిగ తినాలె."

ఆటోలో కూచున్నాక చాలాసేపు ఏం మాట్లాడలేదు. చౌరస్తా దాటాక కొడుకు భుజం తట్టి, "గీ డాక్టర్ మంచోడున్నడురా, ఈయిన్నే పట్టుకో" అని, ఆటోను మిర్చి బండి దగ్గర ఆపమంది. తనకే.